మొరాయించెడి పాత కారు

పశ్చిమ వంగదేశమునందలి ఉత్తరపారా కర్మాగారములో 2014వ సంవత్సరము మే నెలలో అంబాసిడర్ కార్ల నిర్మాణము నిలిచిపోయినది. బొంబాయిలోని కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని అంతకు ఎన్నో ఏండ్ల పూర్వమే సెలవు పుచ్చుకొన్నది. 1983 డిసెంబరులో తొలిసారి వీధికెక్కిన మారుతి 800 సైతము 2014 ఆరంభముననే చరిత్రలో చేరిపోయినది. అయినను ఈ మూడు జాతుల బండ్లును మన పట్టణముల సందులలో, టార్పాలిను కప్పుల క్రింద, వాటిని విడువజాలని యజమానుల పోషణలో ఇంకను సజీవములై యున్నవి. ఆ యజమానులు కలిసికొన్నప్పుడు చెప్పుకొను కష్టములలో ముఖ్యమైనది ఒకటి కలదు. బండి చెడిపోయినదని చెప్పుటకు వీలులేదు, ఏలయన నిన్న ఉదయము తాళము త్రిప్పగనే అంటుకొన్నది. బాగున్నదని నమ్ముటకును వీలులేదు, ఏలయన నిన్న మధ్యాహ్నము కూరగాయల బజారు ముందర ఎంత బ్రతిమాలినను కదలలేదు. మెకానిక్కును పిలిచినచో అతడు వచ్చి కూర్చొనగనే ఇంజను బుద్ధిమంతురాలై మేల్కొనును. అతడు వెడలిపోయిన తరువాత, పెండ్లికో రైలుకో బయలుదేరెడి వేళ చూచుకొని, మరల మౌనము వహించును.

ఇట్టి యెడ మనుష్యుడు యంత్రమునకు స్వభావము నారోపించుట సహజము. బండి పెంకిది యనువారు కొందరు, దిష్టి తగిలినదని ముందరి బంపరుకు నిమ్మకాయయు మిరపకాయలును కట్టువారు మరికొందరు. వీరికంటె ఎక్కువ ధనము వ్యయము చేయువారు మూడవ తెగవారు: వీరు మొదట బ్యాటరీని మార్తురు, పిమ్మట సెల్ఫ్ మోటారును మార్తురు, ఆ పిమ్మట కాయిల్‌ను, ప్లగ్గులను, తుదకు మెకానిక్కును మార్తురు, దోషము మాత్రము ఎప్పటి చోటనే యుండును. అప్పుడప్పుడు మాత్రమే కనబడెడి దోషమును వెదకుటకు వేరొక పద్ధతి కలదు. ఆ పద్ధతికి మూలమైన విషయ మేమనగా, ఇట్టి దోషము గల బండిలో ఏదో యొక భాగము తన పనికి కావలసిన కనీస సామర్థ్యము నంటిపెట్టుకొని, దానికి పైన గాని క్రింద గాని కాక, సరిగా ఆ గట్టు మీదనే నిలిచి యున్నది. ఎండయో, తేమయో, కుదుపో, రాత్రి మరచిపోయిన దీపమో దానిని ఒకనా డీవలికి, ఒకనా డావలికి ద్రోయుచుండును. కావున మన మన్వేషింపవలసినవి రెండు: ఆ భాగ మేది, దానిని ద్రోయుచున్న దేది.

బండి స్టార్టు కాలేదని ఎవరైన చెప్పినప్పుడు అందు పరస్పర సంబంధము లేని రెండు వ్యాధులు కలిసి యుండవచ్చును. తాళము త్రిప్పినప్పుడు సెల్ఫ్ మోటారు ఇంజనును త్రిప్పకపోవుట ఒకటి; సెల్ఫ్ చక్కగ త్రిప్పినను ఇంజను అంటుకొనకపోవుట రెండవది. మొదటిది దాదాపుగ సంపూర్ణముగ విద్యుత్తునకు సంబంధించినది; రెండవది నిప్పురవ్వకును పెట్రోలునకును సంబంధించినది. ఈ భేదమును గుర్తించుటకు పరికర మేదియు నక్కరలేదు, చెవి చాలును. అయినను కోపముతో నున్న యజమానికి చెవి పనిచేయదని మెకానిక్కు లందరెరుగుదురు, వారు మొదట అడుగు ప్రశ్న “సెల్ఫ్ కొట్టిందా?” అనుటలో ఎంతో శాస్త్రము కలదు.

సెల్ఫ్ రాకపూర్వము కార్ల ముందుభాగమున నున్న రంధ్రములో ఇనుప హ్యాండిలును దూర్చి త్రిప్పవలసి యుండెడిది. ఇంజను వెనుకకు తన్నినచో మణికట్టు విరిగెడిది. పాత అంబాసిడర్లలో ఆ హ్యాండిలును దాని రంధ్రమును చాల కాలము నిలిచి యుండుట మన పెద్దలకు జ్ఞాపకమే. ఈ దాస్యమును తొలగించినవాడు అమెరికాకు చెందిన చార్లెస్ కెటరింగ్. ఇతడు అంతకుముందు దుకాణములలో డబ్బు లెక్కించెడి యంత్రములను చేయు నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థలో పనిచేసి, చేతి మీటకు బదులుగ చిన్న విద్యుత్ మోటారుతో ఆ యంత్రమును నడుపు నుపాయమును కనుగొన్నవాడు. రోజంతయు నడువవలసిన మోటారునకు తగిన పరిమాణ ముండవలెను గాని, కొన్ని క్షణములు మాత్రమే పనిచేసి విశ్రమించు మోటారును దాని శక్తికి మించి శ్రమపెట్టినను నష్టము లేదని అచ్చట అతడు గ్రహించెను. ఈ ఊహయే 1912వ సంవత్సరపు కాడిలాక్ కారులో సెల్ఫ్ స్టార్టరుగ అవతరించినది. నేటికిని మన బండి సెల్ఫ్ మోటారు ఆ సూత్రము మీదనే ఆధారపడి యున్నది: చిన్నది, తిండిపోతు, అల్పకాలము మాత్రమే శ్రమింపగలది. పదిక్షణములకు మించి ఏకధాటిగ దానిని త్రిప్పరాదని చెప్పుటకు కారణ మిదియే.

ఆ తిండి ఎంతయో తెలిసికొన్నచో మన సమస్యలో సగము విడిపోవును. కారు ముందరి దీపములు రెండును కలిసి సుమారు 10 ఆంపియర్ల విద్యుత్తును గ్రహించును. హారను అంతకంటె తక్కువ. సెల్ఫ్ మోటారు చిన్న పెట్రోలు ఇంజనును త్రిప్పునప్పుడు 100 నుండి 200 ఆంపియర్ల వరకు లాగికొనును. కదలని ఇంజనును కదల్చు తొలిక్షణమున ఇంకను ఎక్కువ. కావున “దీపములు వెలుగుచున్నవి, హారను మ్రోగుచున్నది, అందుచేత బ్యాటరీయు తీగలును బాగున్నవి” యను వాదము తర్కమునకు నిలువదు. దీపములకు చాలిన మార్గము సెల్ఫ్‌నకు చాలవలెనని లేదు.

ఇచ్చట జర్మను శాస్త్రజ్ఞుడు గెయార్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన నియమము మనకు తోడగును: తీగలో నష్టమగు వోల్టేజి, దాని నిరోధమును అందు ప్రవహించు విద్యుత్తును హెచ్చించిన లబ్ధమునకు సమానము. బ్యాటరీ టెర్మినలునకును దానిని పట్టుకొన్న క్లాంపునకును నడుమ చిలుము పట్టి, ఒక ఓమ్‌లో నూరవ వంతు నిరోధము ఏర్పడినదనుకొందము. దీపములు వెలిగించినప్పుడు అచ్చట నష్టము 10 ఆంపియర్లకు 0.1 వోల్టు, కంటి కది తెలియదు. సెల్ఫ్ కొట్టినప్పుడు 150 ఆంపియర్లకు నష్టము 1.5 వోల్టులు, అప్పటికే భారముచేత క్రుంగియున్న బ్యాటరీ నుండి ఇంకను ఒకటిన్నర వోల్టు దారిలోనే హరించుకుపోయినచో మోటారు మూలుగును, లేదా కదలనే కదలదు. మరియు ఆ ఒక్క బిందువునందు 225 వాట్ల శక్తి వేడిగ మారును. సెల్ఫ్ కొట్టిన వెంటనే చేతితో తడవినచో ఏ క్లాంపు వెచ్చగ తగులునో అదియే దోషి యని అనుభవజ్ఞు లగు ఆటో ఎలక్ట్రీషియన్లు మీటరు లేకుండగనే నిర్ణయించుట ఈ లెక్క వలననే సాధ్యమగుచున్నది.

ఇంతకంటె చిత్రమైనది మీటరు చేయు మోసము. బండి నిలిచి యున్నప్పుడు సెల్ఫ్ మోటారు యొద్దకు వచ్చిన లావుపాటి తీగచివర మల్టీమీటరు నుంచినచో 12.6 వోల్టులు నిండుగ కనబడును. తీగలోని పోగులన్నియు తెగి ఒక్క పోగు మాత్రమే మిగిలియున్నను అదే 12.6 కనబడును. ఏలయన మీటరు తాను గ్రహించు విద్యుత్తు లేశమాత్రము. అంత స్వల్పమైన ప్రవాహమునకు ఒక్క పోగు రాజమార్గమే. డెల్టా రైతులకు ఈ సంగతి వేరు రూపమున సుపరిచితము: పూడిక పట్టిన తూమునకు ఇరువైపుల, నీరు నిలిచి యున్నంతవరకు మట్టము సమానముగనే యుండును; క్రింది పొలమునకు మడవ తెరచి నీరు పారించినప్పుడు గదా ఆవలి మట్టము దిగజారి పూడిక బయటపడును. తీగ సంగతియు నిదియే. ప్రవాహము లేనిదే నిరోధము తన రూపమును చూపదు. అందుచేత పరీక్షించు పద్ధతి యేమనగా, ఇంజను అంటుకొనకుండ కాయిల్‌కు వచ్చు సన్నతీగను ఊడదీసి, ఒకరు లోపల కూర్చుండి, గేరు న్యూట్రలులో నుంచి సెల్ఫ్ కొట్టుచుండగ, రెండవవారు మీటరు రెండు మొనలను ఒకే సంధికి ఇరువైపుల ఆనించి చూడవలెను: ఒక మొన బ్యాటరీ సీసపు దిమ్మె మీద, రెండవది దానిని పట్టిన క్లాంపు మీద. ఆరోగ్యవంతమైన సంధిలో ఆ క్షణమున పదవ వంతు వోల్టునకు మించి కనబడరాదు. అట్లే బ్యాటరీ నుండి సెల్ఫ్ వరకు గల మొత్తము మార్గములో అర వోల్టునకు మించి పోరాదు. మీటరు వెల నేడు ఒక పూట హోటలు భోజనపు ఖర్చునకు కొంచె మెక్కువ. అది చేయు మేలు అనవసరముగ కొన్న సెల్ఫ్ మోటారు వెలతో పోల్చినచో చాల పెద్దది.

ఈ పరీక్షలో చాలమంది మరచునది తిరుగు మార్గము. బ్యాటరీ నుండి బయలుదేరిన విద్యుత్తు సెల్ఫ్‌ను చేరి ఊరకుండదు. ఇంజను ఇనుము ద్వారా, కారు శరీరము ద్వారా మరల బ్యాటరీకి చేరవలెను. ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుండుటచేత, దానిని కారు శరీరముతో కలుపుటకు అల్లిన రాగి పట్టీ యొకటి బిగింపబడి యుండును. దీనినే ఎర్త్ పట్టీ యందురు. ఏండ్ల తరబడి నూనెలో తడిసి, ఇంజను వణకుడుకు పోగులు పోగులుగ తెగి, ఏదో యొకనాడు అది నామమాత్రమై మిగులును. అప్పుడు విద్యుత్తు వేరు దారి వెదకికొని చోకు తీగ గుండ, యాక్సిలరేటరు తీగ గుండ ప్రవహించుటకు యత్నించును. సెల్ఫ్ కొట్టినప్పుడు చోకు గుబ్బ వేడెక్కుటయో, ఆ తీగ తొడుగు పొగలు గ్రక్కుటయో చూచినవారు భయపడుదురు గాని, రోగనిర్ణయమునకు అంతకంటె స్పష్టమైన లక్షణము లేదు. పట్టీని మార్చుటకగు వ్యయము అత్యల్పము. పూర్వపు బ్రిటిషు కార్లలో బ్యాటరీ ధనధ్రువమునే శరీరమునకు కలుపుట ఆచారముగ నుండెడిది గనుక, మిక్కిలి పాతబండికి క్రొత్త బ్యాటరీ పెట్టువారు ఏ ధ్రువము ఎర్తుకు పోవుచున్నదో ముందు చూచుకొనుట మేలు.

చిలుము విషయములో కోస్తా ప్రాంతము వారికి కష్ట మధికము. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి చోట్ల ఉప్పుగాలి ప్రతి స్క్రూ తలను తినివేయును. దానికి బ్యాటరీ ఆమ్లపు ఆవిరి తోడైనప్పుడు టెర్మినలుపై తెల్లని, నీలిపచ్చని పొడి పువ్వులవలె పూయును. తెల్లనిది సీసపు సల్ఫేటు, నీలిపచ్చనిది రాగి సల్ఫేటు. వేడినీటిలో తినుసోడా కలిపి పోసినచో అది నురుగులు గ్రక్కి తొలగును. పిమ్మట లోహము మెరయువరకు గీకి, బిగించి, ఆ పైన వ్యాజిలైను పూయవలెను. బిగించిన తరువాత పూయుటయే క్రమము. ఊడదీయునప్పుడు ఎర్తు వైపు తీగను మొదట తీయుట, బిగించునప్పుడు దానిని చివర బిగించుట అను నియమము ఛాదస్తము కాదు: స్పానరు జారి బాడీకి తగిలినను మెరుపు పుట్టకుండుటకు. బ్యాటరీ నుండి వెలువడు హైడ్రోజను గాలిలో నూటికి నాలుగు పాళ్లున్నను మంటకు అందుకొనును.

ఇక బ్యాటరీ మాట. 1859లో గాస్తోన్ ప్లాంతే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెండు సీసపు రేకులను గంధకామ్లములో ముంచి నిర్మించిన సాధనమునకు, 1881లో కమిల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్దను మెత్తి శక్తిని హెచ్చించెను. అప్పటినుండి ఇప్పటివరకు దాని మూలస్వరూపము మారలేదు. ఆరు అరలు, ఒక్కొక్కదాని వోల్టేజి సుమారు 2.1, వెరసి 12.6. రాత్రియంతయు విశ్రమించిన బ్యాటరీలో ఉదయము 12.6 ఉన్నచో నిండినది, 12.2 ఉన్నచో సగము ఖాళీ, 11.9కి దిగినచో దాదాపు శూన్యము. 12.6కును 12.2కును నడుమ భేదము చూచుట కెంత స్వల్పము! అయినను ఆ స్వల్ప భేదములోనే సగము ప్రాణము పోయినది. సెల్ఫ్ కొట్టుచుండగ 9.6 వోల్టులకు లోబడినచో దానిని అనుమానింపవచ్చును. ఇంజను నడుచునప్పుడు 14 వోల్టుల చాయకు రాకున్నచో దోషము బ్యాటరీది కాదు, దానిని నింపవలసిన డైనమోదో ఆల్టర్నేటరుదో, లేక దాని బెల్టుదో.

చలి బ్యాటరీని చంపునని పాశ్చాత్య గ్రంథములు చెప్పును, అది సత్యమే. చికాగోలో స్థిరపడిన మనవారు ఈ సంగతిని బాగుగ నెరుగుదురు: మైనస్ 18 డిగ్రీల చలిలో బ్యాటరీ తన త్రిప్పు బలములో సగమును కూడ ఇయ్యజాలదు, ఆ సమయముననే ఇంజను నూనె బంకవలె చిక్కబడును. మనకు లంబసింగి వంటి చోటులు విడిచినచో ఆ బాధ లేదు. మన బ్యాటరీల శత్రువు ఎండ. ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీల హెచ్చునకు బ్యాటరీ ఆయువు సుమారు సగమగునని స్థూలముగ చెప్పుదురు. రామగుండము, రెంటచింతల వంటి ఊళ్ల వేసవిలో బానెటు క్రింద అది అనుభవించు నరకమును ఊహించుకొనవచ్చును. నీరు ఆవిరియై పలకల పైభాగములు బయటపడును, సీసపు బంధములు తినివేయబడును. కొన్నింట అరలను కలుపు సీసపు దండెలో వెండ్రుకవాసి పగులు ఏర్పడి, చల్లగ నున్నప్పుడు అతుకుకొని వేడియైనప్పుడు విడిపోవుచుండును. అట్టి బ్యాటరీ ఒక క్షణము 12.5 చూపి, సెల్ఫ్ కొట్టగనే సున్నకు పడి, మరల 12.5కు లేచును. అది బాగుపడునది కాదు.

బ్యాటరీ మంచిదయ్యు ప్రతి సోమవారము చచ్చుచున్నచో రాత్రివేళ ఎవరో దానిని త్రాగుచున్నారని అర్థము. సామాను డిక్కీలోని దీపము, తరువాత తగిలించిన రేడియో, దొంగల హెచ్చరిక హారను, ఇవి మామూలు నేరస్థులు. బండి నిద్రలో 50 మిల్లీ ఆంపియర్లను మించి గ్రహింపరాదు. ఆ మాత్రమే దినమునకు 1.2 ఆంపియరు గంటలగును, అనగా 35 ఆంపియరు గంటల చిన్న బ్యాటరీని రెండు వారములలో సగము చేయును. వారమున కొకసారి గుడికి మాత్రమే పోవు కారు ఎల్లప్పుడును ఈ గట్టు మీదనే యుండును.

బ్యాటరీయు తీగలును నిర్దోషులైనచో సాలినాయిడ్ యొద్దకు వత్తము. తాళము చేతివేళ్లతో త్రిప్పెడి స్విచ్చు 200 ఆంపియర్లను భరింపజాలదు. అది సాలినాయిడ్ అను విద్యుదయస్కాంతమునకు మాత్రము ఆజ్ఞ నిచ్చును, ఆ యయస్కాంతము లోపలి రాగి బిళ్లను లాగి రెండు లావు బోల్టులను కలుపును. అచ్చటి ధ్వని మనకు రోగభాష. టకటకటక యని వేగముగ కొట్టుకొన్నచో బ్యాటరీ శక్తిహీనము, లేదా సంధులు వదులు: అయస్కాంతము పట్టుకొనుటయు, మోటారు లాగగనే వోల్టేజి పడుటయు, అయస్కాంతము విడుచుటయు, మరల పట్టుకొనుటయు ఇట్లు సాగును. ఒక్క “ఠక్” మాత్రము వినిపించి మోటారు తిరుగనిచో రాగి బిళ్ల మాడిపోయినది, లేదా మోటారు కార్బను బ్రష్‌లు అరిగిపోయి ఇత్తడి ఇరుకులో చిక్కుకొన్నవి. ఏ శబ్దమును లేనిచో ఆజ్ఞయే చేరలేదు. దీనికి తోడు ముందరి దీపములు వెలిగించి సెల్ఫ్ కొట్టి చూడవలెను: దీపములు ఆరిపోవునంతగ క్రుంగినచో లోపము బ్యాటరీ దరిదాపులనే, చెక్కుచెదరక వెలిగినచో విద్యుత్తు మోటారును చేరనేలేదు, కొంత క్రుంగియు మోటారు తిరుగకున్నచో అది ఎక్కడనో పట్టుకొన్నది.

సెల్ఫ్‌ను సుత్తిపిడితో తట్టి బండిని కదిలించు విద్య మన రహదారుల ప్రక్కన వంశపారంపర్యముగ వచ్చుచున్నది. నవ్వవలసిన పని లేదు. చిక్కుకొన్న బ్రష్ ఆ దెబ్బకు జారి కమ్యుటేటరును తాకును. కాని తట్టినప్పుడు మేల్కొనుటయే బ్రష్‌లు తీరినవనుటకు సాక్ష్యము గనుక, ఆ దెబ్బతో తృప్తినొంది నెలల తరబడి నెట్టుకొనివచ్చువాడు తన రోగపత్రమును చదివి చింపివైచిన వాడగును. స్క్రూడ్రైవరుతో రెండు బోల్టులను కలిపి మోటారును నేరుగ త్రిప్పు సాహసము మాత్రము ప్రమాదకరము: గేరులో నున్న బండి ఎదుట నిలిచినవాని మీదికి దూకును.

వేడిగ నున్నప్పుడు మాత్రమే ఈ ఆజ్ఞ చేరకపోవుటకు చక్కని భౌతిక కారణ మున్నది. రాగి నిరోధము ఒక్కొక్క డిగ్రీకి నూటికి సుమారు 0.39 వంతు పెరుగును. 30 డిగ్రీల నుండి 90 డిగ్రీలకు వేడెక్కిన సాలినాయిడ్ చుట్టలో నిరోధము నూటికి ఇరువది మూడు వంతులు హెచ్చగును, అందుచే దాని లాగుడు తగ్గును. ఆజ్ఞ వచ్చు సన్నతీగ బ్యాటరీ నుండి డ్యాష్‌బోర్డు వరకు పోయి, ముప్పది ఏండ్లు అరిగిన తాళపు స్విచ్చు గుండ మరల ఇంజను వరకు రావలసి యుండును. దారిలో రెండు వోల్టులు పోయినచో చల్లని సాలినాయిడ్ క్షమించును, వేడిది క్షమింపదు. అర గంట ఆగి కొట్టినచో క్షమాగుణము మరల వచ్చును. సాలినాయిడ్ సమీపమున ఒక రిలేను బిగించి, పాత స్విచ్చు మీది భారమును తగ్గించుటచే ఎన్నో బండ్లు తిరిగి దారికి వచ్చినవి. అంతవరకు వాటి యజమానులు సెల్ఫ్ మోటార్లను మార్చుచునే యుండిరి.

ఇప్పుడు రెండవ వ్యాధి: సెల్ఫ్ ఉత్సాహముగ త్రిప్పును, ఇంజను మాత్రము అంటుకొనదు. ఇచ్చట వేళయే పెద్ద ఆధారము. దూరప్రయాణము చేసి, దారిలో టీ త్రాగుటకు పావుగంట ఆపి, మరల తాళము త్రిప్పినప్పుడు మొరాయించి, గంట తరువాత సునాయాసముగ కదలు కారు పెట్రోలు వేడిమిచేత బాధపడుచున్నది. ఇంజను నడుచునంతసేపు ఫ్యాను గాలియు ప్రవహించు నీరును వేడిని కొనిపోవును. ఆపిన మరుక్షణము రెండును నిలిచిపోవును గాని, ఇనుములోని వేడి ఎచ్చటికి పోవును? అది పైకి ప్రాకి కార్బురేటరును, ఇంజను ప్రక్కన బిగించిన పెట్రోలు పంపును క్రమముగ వేడెక్కించును. ఆపిన తరువాత పదిహేను ఇరువది నిమిషములకు వాటి ఉష్ణోగ్రత శిఖరము నందుకొనును. పెట్రోలు ఏకపదార్థము కాదు. అందలి తేలిక భాగములు 35, 40 డిగ్రీలకే మరగనారంభించును. పంపులో ఆవిరి నిండినచో దాని పొర ఆవిరిని అణచి వదలుచుండును గాని ద్రవమును తోడదు. పూర్వపు డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పి నీళ్లు చిలుకరించుట ఈ కారణముచేతనే. ఆవిరియగు నీరు వేడిని తీసికొనిపోవును. గాలి పొడిగ నుండు అనంతపురములో ఈ చికిత్స త్వరగ ఫలించును, చెమటయే ఆరని కాకినాడలో ఆలస్య మగును.

కాని అదే వేడి కార్బురేటరు గిన్నెలోని పెట్రోలును పొంగించి ఇంజను లోనికి ఒలికించినచో ఫలితము దీనికి విరుద్ధము: అచ్చట పెట్రోలు లేమి, ఇచ్చట అతివృష్టి. ముక్కునకు పెట్రోలు వాసన ఘాటుగ తగులుట దీని గుర్తు. అప్పుడు చోకు లాగుట విషప్రాయము. యాక్సిలరేటరును పూర్తిగ తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టినచో గాలి చొరబడి లోపలి తడి ఆరును. నేడు బంకులలో లభించు ఇరువది శాతము ఇథనాల్ కలిసిన పెట్రోలునకు పాతబండి రబ్బరు గొట్టములు తయారైనవి కావు. అవి గట్టిపడి, చీలి, పంపునకు ముందుభాగమున గాలిని పీల్చుచున్నను మొరాయింపు ఇట్టిదే యగును, అయితే అది ఉదయమున గూడ కనబడును.

నిప్పురవ్వ పక్షము చూతము. పాయింట్లు విడివడినప్పుడు కాయిల్ లోపలి అయస్కాంత క్షేత్రము కూలి, 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రము ననుసరించి, 12 వోల్టులు పదునైదు ఇరువది వేల వోల్టులై ప్లగ్గు కొనయందు మెరయును. కాయిల్ లోపలి సన్నతీగ ఎచ్చటనో విరిగి మొనలు తాకుచున్నచో, వేడికి వ్యాకోచించి విడిపోవును, చల్లారి కలిసికొనును; కండెన్సరు రోగమును ఇట్టిదే. పాయింట్ల నడుమ సందు అంగుళములో వేయింట పదునైదు వంతులు మాత్రమే గనుక, అందలి ఇసుమంత మసియు ఆటంకమే. వానకాలపు ఉదయములలో మాత్రమే అంటుకొనని బండికి డిస్ట్రిబ్యూటరు మూతను ఊడదీసి పొడిగుడ్డతో తుడువవలెను. లోపల పెన్సిలు గీతవంటి సన్నని నల్లగీత కనబడినచో అది విద్యుత్తు తనకు తాను వేసికొన్న దొడ్డిదారి, ఆ మూతను పారవేయుటయే. ఇంజెక్షను పద్ధతి గల తరువాతి కార్లలో పాయింట్లు లేవు గాని, క్రాంకు గతిని చెప్పు సెన్సరు వేడికి మూగవోవుటయు, రిలే లోపలి టంకము వెండ్రుకవాసి పగిలి ఎండవేళ విడిపోవుటయు ఆ కాయిల్ కథకు నూతన రూపములే.

ఈ రెండు వ్యాధులకు నడుమ సేతువు వంటి స్థితి యొకటి కలదు. బ్యాటరీ బలహీనమైనప్పుడు సెల్ఫ్ ఎట్లో త్రిప్పును. కాని ఆ శ్రమలో వోల్టేజి తొమ్మిదికి దిగుటచే, సరిగ నిప్పు కావలసిన సమయముననే కాయిల్ నిస్తేజమగును. చెవికి సెల్ఫ్ బాగున్నట్లు తోచును, దోషము పెట్రోలు మీదికి పోవును. అట్టి బండిని నలుగురు తోసి గేరు వదలినచో మొదటి కుదుపునకే అంటుకొనును, ఏలయన అప్పుడు బ్యాటరీ సంపద యంతయు కాయిల్‌కే దక్కును. తోపుడు మన వీధులలో పరువు తక్కువ పనియైనను, పరీక్షగ అది ఉత్తమమైనది.

కావున మొరాయించిన క్షణమే పరీక్షకు ముహూర్తము. కోపముతో పదేపదే తాళము త్రిప్పి బ్యాటరీని చంపుటకు ముందు, ఆగి ఎంతసేపైనది, ఎండ యెట్లున్నది, ఏ శబ్దము వచ్చినది, దీపము లేమైనవి, వాసన యేది యని చిన్న పుస్తకములో వ్రాసికొనుట మంచిది. మెకానిక్కు షెడ్డునకు ట్రక్కు వెనుక లాగించుకొని పోవు నప్పటి కుదుపులకు వదులు తీగ మరల తగుల్కొనును, ఇంజను చల్లారును, సాక్ష్యము చెరగిపోవును. అచ్చట బండి బుద్ధిగ నడచుటలో ఆశ్చర్యము లేదు. దోషమును రప్పించుటకును ఉపాయము లున్నవి: తీగలను ఒక్కొక్కదానిని కదల్చుట, డిస్ట్రిబ్యూటరు మీద నీటిని మంచువలె చల్లుట, ఇంజనును బాగుగ వేడెక్కించి ఆపి పావుగంట వేచియుండుట. ఒకసారి ఒక్క భాగమునే మార్చవలెను. నాలుగింటిని ఒకేసారి మార్చినవానికి బండి బాగైనను కారణము తెలియదు, తీసివేసిన మూడు మంచి భాగములు చెత్తబుట్టకు పోవును.

మరమ్మతు సఫలమైనదో లేదో తేల్చుటలో గూడ ఋతువు అడ్డుపడును. వైశాఖపు మధ్యాహ్నములలో మాత్రమే మొరాయించిన బండిని మార్గశిరమున బాగుచేయించి, ఆ నెలంతయు చక్కగ నడచినదని సంతోషించినచో ఆ సంతోషమున కాధారము లేదు. చేయక విడిచినను అది ఆ నెలలో నడచియే యుండెడిది. అందుచేతనే మరమ్మతునకు ముందును పిదపను ఆ సంధులలోని వోల్టేజి నష్టమును కొలిచి ఆ పుస్తకములోనే వ్రాసి యుంచవలెను: 1.5 ఉన్నచోట 0.1కి దిగినచో ఎండ రాకపూర్వమే కొంత నిశ్చింత కలుగును. అంకె కదలకున్నచో వేసవిలో దూరప్రయాణమునకు ఆ బండిని పెట్టుకొనకుండుట మంచిది.